అంతరిక్ష కేంద్రము: దాని నిత్య సంరక్షణ

ఒక కట్టడము పూర్తియైన దినమున తోరణములు, ఉపన్యాసములు ఉండును. మరునాటి నుండి దానిని చెడకుండ కాపాడు పని ఆరంభమగును. ఆ పనికి తోరణములు లేవు. కాని కట్టడము ఎన్ని ఏండ్లు నిలుచునో నిర్ణయించునది ఆ పనియే. బావి, బడి, వీధి దీపము మున్నగువాని భారము వహించిన పంచాయతీ సభ్యులకు ఇది క్రొత్త మాట కాదు. ఈ సత్యము అన్నిటికంటె తీవ్రముగ వర్తించు ఇల్లు ఒకటి భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము. అచ్చట పీల్చు గాలిని, త్రాగు నీటిని సైతము యంత్రములే సమకూర్చవలెను. కావున అచ్చట సంరక్షణ యనగా ప్రాణరక్షణయే.

కేంద్రము ఎట్టిది?

అమెరికా, రష్యా, కెనడా, జపాను, ఐరోపా దేశముల అంతరిక్ష సంస్థలు కలిసి ఈ కేంద్రమును నిర్మించినవి. దీని మొదటి భాగము 1998 నవంబరు 20న రోదసిలోనికి పంపబడినది. 2000 నవంబరు 2 నుండి మానవులు అందులో ఎడతెగక నివసించుచున్నారు. దీని పొడవు 109 మీటర్లు; బరువు సుమారు 420 టన్నులు. గంటకు 28,000 కిలోమీటర్ల వేగమున, దాదాపు గంటన్నర కొకసారి ఇది భూమిని చుట్టివచ్చును. అందుచే అందలివారు ఒక్క దినములో పదునారు సూర్యోదయములను చూడగలరు.

అందు సాధారణముగ ఏడుగురు నివసింతురు. వారు శాస్త్ర పరిశోధనలు సాగించుటయే గాక, తమ ఇంటిని తామే ఊడ్చుకొందురు, గొట్టములు బిగించుకొందురు, తీగలు మార్చుకొందురు. పిలిచిన వచ్చు పనివారు అచ్చట లేరు. మన దేశమునకు చెందిన శుభాంశు శుక్లా 2025 జూన్, జూలై మాసములలో ఈ కేంద్రమున గడపి వచ్చిరి. తండ్రి హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళి స్థిరపడగా అచ్చట జన్మించిన రాజా చారి 2021 నవంబరు నుండి 2022 మే వరకు అందు నివసించిరి.

దినచర్య

సూర్యుడు గంటన్నర కొకసారి ఉదయించు చోట సూర్యుని బట్టి కాలము లెక్కించుట పొసగదు. కేంద్రమున గ్రీనిచ్ కాలమును అనుసరింతురు. ఉదయము ఆరు గంటలకు మేల్కొందురు. పని మొదలిడుటకు ముందును, ముగించిన పిదపను భూమిపై నున్న అదుపు కేంద్రములతో సమావేశము జరుపుదురు. ఏ పని, ఎవరు, ఏ సమయమున, ఏ పనిముట్టుతో చేయవలెనో ముందుగనే వ్రాసియుండును. పని ముగియగానే ముగిసినదని తెలుపవలెను. జ్ఞాపకశక్తిని నమ్ముకొని పని చేయుట అచ్చటి పద్ధతి కాదు.

దినమునకు రెండు గంటలకు పైగా వ్యాయామమునకే కేటాయింతురు. శరీరభారము తెలియని స్థితిలో ఎముకలు, కండరములు క్షీణించుటయే ఇందుకు కారణము. తక్కిన కాలము పరిశోధనలకును, మరమ్మతులకును చెందును.

శనివారము ఇల్లు శుభ్రము చేయు దినము. అచ్చట దుమ్ము నేలపై పడదు. గాలిలో తేలుచు పోయి, గాలిని లోనికి పీల్చు జల్లెడలపై పేరుకొనును. ఆ జల్లెడలు మూసికొనిపోయినచో గాలి ఆడదు. కనుక వానిని గాలి పీల్చు యంత్రముతో శుభ్రపరతురు. చేతులు తగులు చోట్లను, భోజనము చేయు బల్లను సూక్ష్మజీవులను చంపు మందు తడిపిన గుడ్డలతో తుడుతురు.

గాలియు, నీరును

భూమిపై వెచ్చని ఊపిరి దానంతట అదియే పైకి పోవును. భారము తెలియని చోట అట్లు పోదు. నిద్రించువాని ముఖము చుట్టు అతడు విడిచిన ఊపిరియే నిలిచిపోగలదు. అందుచే పంకాలు రేయింబవళ్ళు తిరుగుచుండవలెను. విడిచిన ఊపిరి లోని బొగ్గుపులుసు వాయువును ఒక యంత్రము తొలగించును. నీటిని విద్యుచ్ఛక్తితో విడదీసి ప్రాణవాయువును తీయుదురు.

ఇక నీరు భూమి నుండి మోసికొని పోవలసిన వస్తువు, మిక్కిలి వ్యయము. కావున మూత్రమును, చెమటను, ఊపిరి లోని తేమను శుద్ధిచేసి తిరిగి త్రాగుదురు. 2023 నాటికి ఈ విధముగ నూటికి 98 వంతుల నీటిని తిరిగి పొందగలిగిరి. ఈ స్థితి సులభముగ రాలేదు. మూత్రమును శుద్ధిచేయు యంత్రము నెలకొల్పిన తరువాత 2009లో అందు సున్నపు పదార్థము గడ్డకట్టి అడ్డుపడినది. రోదసిలో ఎముకలు క్షీణించుటచే ఆ సున్నము మూత్రములో అధికమగుచున్నదని గ్రహించిరి. తొలుత నీటిని తీయు పరిమాణమును తగ్గించుకొనిరి. పిదప మూత్రములో కలుపు ఆమ్లమును మార్చి గడ్డకట్టకుండ చేసిరి. యంత్రము ఎందుకు చెడినదో తెలిసికొననిదే దానిని మరమ్మతు చేసిన ప్రయోజనము నిలువదని దీనివలన గ్రహింపవలెను.

చిన్న సూచన, పెద్ద ప్రమాదము

2013 జూలై 16న ఇటలీ దేశస్థుడు లూకా పర్మితానో కేంద్రము వెలుపల పని చేయుచుండగ, ఆయన శిరస్త్రాణము లోనికి నీరు చేరసాగినది. శరీరమును చల్లబరచుటకై ఆ దుస్తులలో నీరు ప్రవహించు ఏర్పాటు కలదు. రోదసిలో నీరు క్రిందికి జారదు. ముఖమునకు అంటుకొని ప్రాకును. ఆయన కన్నులు, ముక్కు, చెవులు నీటితో కప్పబడినవి. చూపు ఆనక, మాట సరిగ వినబడక, తనను కేంద్రమునకు కట్టియున్న తీగ లాగుడును బట్టి దారి గుర్తించి, తడుముకొనుచు ద్వారము చేరిరి. లోపలివారు శిరస్త్రాణము విప్పగా అందు లీటరునకు పైగా నీరు కలదని తేలినది.

విచారణలో రెండు సంగతులు బయటపడినవి. నీటిని గాలి నుండి వేరుచేయు భాగములోని సన్నని రంధ్రములు మలినముతో పూడిపోవుట మొదటిది. రెండవది ఇంతకంటె ముఖ్యము. వారము దినములకు ముందు, జూలై 9న, ఆయన అవే దుస్తులు ధరించి పనిచేసి వచ్చినపుడే శిరస్త్రాణములో నీరు కనబడినది. త్రాగునీటి సంచి కారియుండునని భావించి ఊరకుండిరి; మూలమును వెదకలేదు.

2022 మార్చి 23న రాజా చారి, జర్మనీ దేశస్థుడు మత్తియాస్ మౌరర్ వెలుపల మరమ్మతులు చేసి తిరిగి వచ్చిరి. మౌరర్ శిరస్త్రాణములో పలుచని నీటిపొర కనబడినది. ఈసారి ఎవరును తేలికగ తీసికొనలేదు. విచారణ పూర్తియగు వరకు, అత్యవసరమైన తప్ప, ఆ దుస్తులతో వెలుపలికి పోవు పనులను అమెరికా సంస్థయగు నాసా కొన్ని మాసములు నిలిపివేసినది. పని ఆలస్యమైనది, ప్రాణము దక్కుట ముఖ్యమని ఎంచిరి.

ఉన్నదానితో సరిపుచ్చుకొనుట

2012 ఆగస్టు 30న సునీతా విలియమ్స్, జపాను దేశస్థుడు అకిహికో హోషిదే విద్యుచ్ఛక్తిని పంచు ఒక పెట్టెను బిగింపబోగా బోల్టు ఎక్కలేదు. లోహపు రజను రంధ్రములో చిక్కుకొనియుండెను. పెట్టెను పట్టీతో కట్టి వెనుకకు వచ్చిరి. పండ్లు తోముకొను కుంచెతోను, తీగముక్కలతోను శుభ్రపరచు సాధనములను తయారు చేసికొనిరి. సెప్టెంబరు 5న రంధ్రము శుభ్రముచేసి బోల్టు బిగించిరి.

2020 అక్టోబరులో రష్యా భాగమున గాలి కారుచున్న చోటు దొరకక వ్యోమగాములు తేయాకు పొడిని గాలిలో వదలి, తలుపులు మూసి, కెమెరాలతో పరిశీలించిరి. తేలుచున్న ఆకులు సన్నని నెఱ్ఱె వైపు సాగి దానిని చూపినవి. ఆ నెఱ్ఱెను తాత్కాలికముగ అతికిరి. అటుపిమ్మట పెక్కు ఏండ్లు ఆ భాగమును కనిపెట్టియే ఉండవలసి వచ్చినది.

చూచువారు లేని ఇల్లు

కనిపెట్టువారు లేకున్న ఏమగునో దీనికి ముందటి సోవియెట్ కేంద్రము సల్యూత్-7 చెప్పును. 1985 ఫిబ్రవరిలో అందు మనుష్యులు లేని సమయమున అది మూగవోయినది. బ్యాటరీ నిండినదా లేదా అని తెలుపు చిన్న సాధనము చెడుటచే, సూర్యరశ్మి ఉండియు బ్యాటరీలు నిండక పోయినవి. జూన్ మాసమున జానిబెకోవ్, సవినీఖ్ అను ఇద్దరు, తిరుగుచున్న ఆ మూగ కేంద్రమును తమ నౌకతో చేరుకొని లోపల ప్రవేశించిరి. నీరు గడ్డకట్టియుండెను. ఉన్ని టోపీలు ధరించి, చలిలో వణకుచు, బ్యాటరీలను సూర్యఫలకములకు నేరుగ కలిపి ఆ కేంద్రమునకు మరల ప్రాణము పోసిరి.

సభ్యులు చర్చింపదగిన విషయములు

1. మన అధీనమున నున్న యంత్రములలో ప్రతిదానిని చూచు బాధ్యత పేరు చెప్పి ఒకరికి అప్పగింపబడినదా?

2. చిన్న లోపమును తెలిపినవారి మాట వ్రాసికొను పుస్తకము కలదా? దానిని తిరిగి చూచువా రెవరు?

3. మరమ్మతు జరిగిన పిదప, చెడుటకు కారణ మేమని విచారించుచున్నామా?

4. నిర్మాణమునకు ధనము కేటాయించునపుడే సంరక్షణకును కేటాయించుచున్నామా?

అంతరిక్ష కేంద్రము తొలి భాగములు 15 ఏండ్ల ఆయువును ఉద్దేశించి నిర్మింపబడినవి. 2025 నవంబరు నాటికి అందు మానవ నివాసము ఆరంభమై 25 ఏండ్లు నిండినవి. దాని పని ముగిసిన పిమ్మట దానిని సముద్రము లోనికి క్షేమముగ దించు నౌకను నిర్మించు పనిని నాసా 2024లోనే ఒప్పగించినది. అయినను ఆ చివరి దినము వరకు ప్రతి శనివారమును జల్లెడలు శుభ్రము చేయవలసియే యుండును.