కారు యజమానికి కావలసిన కనీస జ్ఞానము



బోథ్ వంటి ప్రాంతమున మోటారు కారు కేవలము విలాసవస్తువు కాదు. అర్ధరాత్రి ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఆదిలాబాదులోని రిమ్స్ ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు ఊరిలోనున్న కారు ఒక ఆధారమగును. అప్పు చేసి కారు కొని కిరాయికి నడుపుకొను యువకునికి అదియే జీవనోపాధి. అట్టి బండి దారిలో నిలిచిపోయినచో కలుగు నష్టమును రూపాయలలో మాత్రమే లెక్కింపలేము. అయినను మనలో పెక్కుమంది కారు నడుపుట నేర్చుకొందురు గాని, దానిని కాపాడుకొనుట నేర్చుకొనరు. మరమ్మతు చేయుట మిస్త్రీ పని. గమనించుట, వ్రాసి ఉంచుకొనుట, ప్రశ్నించుట యజమాని పని. ఈ మూడింటిని గూర్చియే ఈ వ్యాసము.

నీరు, నూనె

మన జిల్లాలో వేసవియందు ఎండ 45 డిగ్రీలకు చేరును. ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో కొంత భాగమే చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో అధికభాగము వేడిగా మారును. ఆ వేడిని ఇంజను నుండి రేడియేటరునకు మోసుకొనిపోవునది కూలెంటు అను ద్రవము. బహిరంగముగా కాచిన నీరు 100 డిగ్రీలకు మరుగును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని పెంచి ఉంచుటచేత ఆ నీరే సుమారు 120 డిగ్రీల వరకు మరుగకుండును. వేడి ఇంజనుపై ఆ మూతను తెరువరాదనుటకు కారణమిదియే. ఒత్తిడి తగ్గిన మరుక్షణము ద్రవము ఆవిరియై ముఖముపైకి చిమ్మును. బండిని ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనీయవలెను. బోరునీటిలోని లవణములు రేడియేటరు సన్నని గొట్టములలో పేరుకొనును. కావున కంపెనీ పుస్తకములో చెప్పిన కూలెంటునే పోయవలెను.

ఇంజను ఆయిలును చూచుటకు బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషముల పిదప కొలకడ్డీని తీసి తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ ఉండవలెను. అంతకు మించి పోసినను హానియే. నడుచుచున్న బండిలో ఎర్రని ఆయిలు దీపము వెలిగినచో “ఇల్లు చేరిన పిదప చూతము” అనరాదు. ఇంజను భాగములకు ఆయిలు తగిన ఒత్తిడితో అందుట లేదని దాని అర్థము. వెంటనే ఇంజను ఆపవలెను. ఆయిలు మార్చుటకు పుస్తకములో కిలోమీటర్లును, నెలలును రెండును వ్రాసి ఉండును. ఏది ముందు వచ్చిన దానినే పాటించవలెను. తక్కువగా తిరుగు బండికి సర్వీసు అక్కరలేదనుట పొరపాటు.

బ్రేకులు, టైర్లు

నేరడిగొండ మీదుగా నిర్మల్ వైపు పోవువారు ఘాటు దిగవలసి ఉండును. పెట్రోలు ఆదా అగునని దిగుడులో ఇంజను ఆపుటయు, న్యూట్రలులో వదలుటయు ప్రమాదకరము. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి సన్నగిల్లును, స్టీరింగు బరువెక్కును. నిజమునకు నేటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీది కాలు తీసినచో ఇంజనులోనికి ఇంధనము పోవుట దాదాపు నిలిచిపోవును. కనుక న్యూట్రలు వలన లాభము లేదు. ఎక్కునప్పుడు వాడిన గేరులోనే దిగవలెనను పాత డ్రైవర్ల మాట శాస్త్రసమ్మతము.

బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. తేమ చేరిన ద్రవము తక్కువ వేడికే మరిగి ఆవిరి బుడగలను పుట్టించును. అప్పుడు పెడలు మెత్తగా లోనికి పోవును గాని బండి ఆగదు. అందుచేతనే రెండేండ్లకొకసారి దీనిని మార్చుమని పెక్కు కంపెనీలు చెప్పుచున్నవి.

టైరులోని గాలిని బండి నడువక ముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. ఎంత గాలి ఉండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు వద్దనున్న చీటీపై ఉండును. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన. టైరు ప్రక్కభాగముపై నాలుగు అంకెలు ఉండును. “2423” అని ఉన్నచో అది 2023వ సంవత్సరపు 24వ వారమున తయారైనదని అర్థము. కొత్త టైరు కొనునప్పుడు ఈ అంకెలను తప్పక చూడవలెను.

వర్షాకాలమున వాగు పొంగి రోడ్డుపై పారుచున్నప్పుడు దాటుటకు సాహసింపరాదు. నీటిలో ఆగిపోయిన బండిని మరల స్టార్టు చేయనే రాదు. గాలిని అదిమినట్లు పిస్టను నీటిని అదుమలేదు. కనెక్టింగు రాడ్డు వంగి ఇంజనే పాడగును.

మిస్త్రీ, పుర్జాలు

పానా, పేచ్‌కస్, పుర్జా అను ఉర్దూ మాటలును, గేరు, క్లచ్ అను ఇంగ్లీషు మాటలును కలిసినదే మన మిస్త్రీల భాష. 2014లో తయారీ నిలిచిన అంబాసిడరు వంటి కార్లలో చెవితో విని లోపమును చెప్పగల మిస్త్రీలు ఉండెడివారు. నేటి కార్లలో పెక్కు లోపములను కనుగొనుటకు స్కానరు కావలెను. ఆ పరికరములును, అసలు పుర్జాలును బయటి మిస్త్రీలకు అందకుండుట దేశవ్యాప్తమైన సమస్య అయినది. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ మొత్తమును రద్దుచేయు షరతు కూడదని ఆ ఉత్తర్వులో చెప్పినది. దానిపై కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. కనుక వారంటీ ఉన్నంతకాలము బయట పని చేయించుటకు ముందు వారంటీ పుస్తకమును చదువుట మేలు.

మిస్త్రీ ఎంత ఆప్తుడైనను, మార్చిన పాత పుర్జాను చూపుమని అడుగుటలో అవమానము లేదు. నిజాయితీపరుడైన మిస్త్రీ అడుగకయే చూపును.

డీలరుతో వ్యవహారము

కొత్త కారు కొనునప్పుడు ధర, పన్ను, రిజిస్ట్రేషను, బీమా, అదనపు సామగ్రి అను వాటిని విడివిడిగా వ్రాయించి తీసుకొనవలెను. బీమా డీలరు వద్దనే కొనవలెనను నియమము లేదు. డబ్బు చెల్లించుటకు ముందే బండి తయారైన నెలను, సంవత్సరమును చూడవలెను. సర్వీసునకు ఇచ్చినప్పుడు లోపమును నోటితో చెప్పి ఊరకుండక జాబ్ కార్డులో వ్రాయించి, ఒక ప్రతిని దాచుకొనవలెను. వారంటీలో ఉండగా వచ్చిన లోపమునకు సాక్ష్యము ఆ కాగితమే. అంచనా ఖర్చును ముందుగా అడిగి, అంగీకరింపని పనికి డబ్బు ఇయ్యనవసరము లేదని స్పష్టముగా చెప్పవలెను.

అన్యాయము జరిగినచో మొదట డీలరునకు, కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అప్పటికిని ఫలితము లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 నాటి చట్టము ప్రకారము కొన్న ఊరికి పోనక్కరలేదు. మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

విద్యార్థుల బాధ్యత

కంపెనీ ఇచ్చు పుస్తకము చాలాసార్లు ఇంగ్లీషులోనే ఉండును. దానిని చదువలేని తండ్రులు, అన్నలు మన ఊళ్లలో అనేకులు కలరు. మనము తెలుగును, ఉర్దూను, ఇంగ్లీషును నేర్చుచున్నవారము. ఒక నోటుపుస్తకమున తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు అను నాలుగు గళ్లు గీసి వారికి ఇత్తము. కంపెనీ పుస్తకములోని ముఖ్యమైన పుటలను వారి భాషలో చదివి వినిపింతము. రసీదులన్నియు ఒకే సంచిలో భద్రపరచుట అలవాటు చేయుదము. ఖర్చు లేని ఈ పనితో ఒక కుటుంబపు జీవనోపాధిని కాపాడవచ్చును. ఆపదవేళ ఒక రోగి సకాలమున ఆసుపత్రి చేరవచ్చును.