ఆదివారం వంద గింజలు: ఇంట్లోనే మొలక పరీక్ష

మాకవరపాలెం: ఆదివారం వచ్చిందంటే మన ఊళ్ళలో కోసిన వరిమడులే క్రికెట్ గ్రౌండ్లు. అనకాపల్లి, విశాఖ హాస్టళ్ళ నుంచి శనివారం రాత్రికి ఇల్లు చేరిన కుర్రోళ్ళు తెల్లారగానే బ్యాటు పట్టుకుని దిగుతారు. సాయంత్రం వాలీబాల్. కాలేజీ టీములో చోటు దక్కాలంటే ఆ మాత్రం సాధన ఉండాల్సిందే, ఆటను తప్పు పట్టే పని లేదు. అయితే తాము ఆడే మడిలో ఏ రకం వరి వేశారని అడిగితే చాలామంది "నాన్నకు తెలుసు" అంటారు.

ఆ నాన్న తాత దగ్గర నేర్చుకున్నాడు. తాత గింజ కొరికి ఆరుదల చెప్పేవాడు, తడిగుడ్డలో కట్టి మొలక చూసేవాడు. విత్తనం సంచుల్లో కొనడం అలవాటయ్యాక ఈ పరీక్ష మూలపడింది. తీరా ఆకుమడిలో మొలక పలచబడితే ఎకరం, అరెకరం రైతు మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ పోయాలి. ఈలోగా కార్తె దాటిపోతుంది.

కార్తె లెక్క

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. ఆకుమడి పోసేది మృగశిర, ఆరుద్రల్లో అయితే మొలక పరీక్ష రోహిణిలోనే ముగించాలి.

పరీక్ష ఇలా

కుర్రోళ్ళకు స్ట్రైక్ రేటు తెలుసు: వంద బంతులకు ఎన్ని పరుగులని. మొలక శాతమూ అంతే, వంద గింజలకు ఎన్ని మొలకలని. ఈ ఆదివారం వేస్తే వచ్చే ఆదివారానికి లెక్క తేలుతుంది.

1. సంచి పైన, మధ్య, అడుగు నుంచి గుప్పెడేసి తీసి కలపాలి. ఏరకుండా వంద గింజలు లెక్కపెట్టాలి.

2. తడిపిన గోనెపట్టా మీద పదేసి చొప్పున పది వరసలు పేర్చి, వదులుగా చుట్టి నీడన ఉంచాలి. రోజూ నీళ్ళు చిలకరించాలి. ఇలాంటివి రెండు చుట్టలు వేసి సగటు తీస్తే నయం.

3. ఏడో రోజు విప్పి, వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్కించాలి.

ధృవీకరించిన వరి విత్తనానికి మొలక కనీసం 80 శాతం ఉండాలి. తగ్గితే విత్తనం మార్చడం శ్రేయస్కరం. మార్చే వీలు లేకపోతే మోతాదు పెంచాలి. ఎకరానికి 20 కిలోలు చాలే చోట మొలక 60 శాతమే అయితే 27 కిలోలు కావాలి. కొత్తగా కోసిన గింజకు కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది కనుక వెంటనే పరీక్షించి చెడ్డదనుకోరాదు.

తాలు తీయడానికి 10 లీటర్ల నీటిలో సుమారు కిలోన్నర ఉప్పు కలపాలి. కోడిగుడ్డు తేలి రూపాయి బిళ్ళంత పైకి కనబడితే ద్రావణం సరిపోయినట్టు. తేలిన గింజలు తీసేసి, మునిగినవాటిని మంచినీటితో రెండు మూడుసార్లు కడగాలి. అనుమానాలుంటే ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు.

ఇదంతా కలిపి అరగంట పని. రైతు సోదరులు ఈ ఆదివారం గింజలు తాము పేర్చకుండా కొడుకు చేత, కూతురు చేత పేర్పించాలి. ఆ తర్వాత ఆటకు పంపవచ్చు. వచ్చే ఆదివారం చుట్ట విప్పి లెక్క చెప్పేది కూడా వాళ్ళే కావాలి.