కళాశాలలో మత్తుపదార్థములు : దండనమా, దిద్దుబాటా?

మౌలాలి కొండమీది దర్గాకు హిందువులును మహమ్మదీయులును గూడ మెట్లెక్కి పోవుదురు. ఆ కొండచుట్టును రైల్వే పనివారి యిండ్లును, నాచారము, మల్లాపురము పారిశ్రామికవాడలలో పనిచేయువారి యిండ్లును దట్టముగా నున్నవి. వంశములో మొట్టమొదట కళాశాల గడప ద్రొక్కిన బిడ్డలు గల కుటుంబములు వానిలో ననేకములు. అట్టి బిడ్డ మద్యమునకో గంజాయికో లోబడి కళాశాలనుండి వెడలగొట్టబడినచో, చెడునది యొక్కని చదువు మాత్రమే కాదు. తలిదండ్రుల యిరువదియేండ్ల కష్టము మన్నుపాలగును. కావున నీ విషయమున కళాశాలల నిబంధన లెట్లుండవలయునో విచారించుట విద్యావంతులమైన మనకు విధి.

ముందుగా శాసనము నెఱుగుదము. తెలంగాణమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము నమ్మరాదు. కళాశాల విద్యార్థులలో బెక్కండ్రు ఆ వయస్సునకు లోపలివారే. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల శాసనము గంజాయి మొదలగువానిని అమ్ముటయే కాక, దగ్గఱ నుంచుకొనుటయు, సేవించుటయు నేరమే యని విధించినది. విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు నమ్మరాదని 2003వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. మద్యనిషేధమునకై ప్రభుత్వము ప్రయత్నింపవలెనని రాజ్యాంగములోని 47వ అధికరణము నిర్దేశించుచున్నది.

అయినను వ్యసనము తగ్గలేదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేక్షణము ననుసరించి, 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది మద్యమును, 2.8 మంది గంజాయి, భంగు మొదలగువానిని సేవించుచున్నారు. 2017 జూలైలో హైదరాబాదున ఆబ్కారీశాఖ జరిపిన విచారణలో మాదకద్రవ్యములు బడిపిల్లలవఱకును చేరినవని బయటపడి నగరము నివ్వెఱపోయినది. 2025 సెప్టెంబరులో బోయినపల్లిలోని యొక పాఠశాల భవనముననే ఆల్ప్రజోలమను మత్తుమందు తయారగుచున్నదని యధికారులు కనుగొనిరి. కల్తీకల్లులో కలుపబడునది ఈ మందే. సరస్వతీమందిరమే విషపుబట్టీ యైనపుడు, విద్యార్థి నొక్కనినే దోషిగా నిలువబెట్టుట న్యాయమగునా?

ఇక కళాశాలల నిబంధనలను జూతము. ప్రవేశకాలమున విద్యార్థిచేతను తలిదండ్రులచేతను హామీపత్రముపై సంతకములు చేయింతురు. తప్పు పట్టుబడినచో వసతిగృహమునుండియో, కళాశాలనుండియో తొలగింతురు. నిషేధము మంచిదే. కాని దండనము తప్ప వేఱు మాట లేని నిబంధన భయమును బుట్టించును. భయము దాపఱికమును బుట్టించును. ఆ దాపఱికము ప్రాణములనే హరింపవచ్చును. వసతిగృహమున రాత్రివేళ నొక విద్యార్థి త్రాగి స్పృహ తప్పెననుకొందము. వార్డెనునకు దెలిపినచో తమ చదువులును పోవునని మిత్రులు గది తలుపు మూసి, దుప్పటి కప్పి, తెల్లవాఱుసరికి తేఱుకొనునని యూరకుందురు. మద్యముతో ఆల్ప్రజోలమువంటి మందు చేరినచో ఊపిరి మందగించును. వెల్లకిల బడియున్నవాని కంఠమున వాంతి యడ్డుపడి ప్రాణము పోవచ్చును. వానిని ప్రక్కకు దిప్పి పరుండబెట్టి 108కి తెలుపుటయే మిత్రధర్మము. ఆ ధర్మమునకు నిబంధన యడ్డు రాకూడదు.

కఠినమని పేరొందిన 1985 శాసనము సైత మింత నిర్దయమైనది కాదు. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు, స్వచ్ఛందముగా ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్సకు లోబడినచో వానిపై నేరవిచారణ జరుపరాదని 64-ఏ విభాగము చెప్పుచున్నది. చికిత్స పూర్తిగా పొందనివాని కీ రక్షణము తొలగింపవచ్చును. రాజ్యము తెఱచియుంచిన తలుపును గురుకులము మూయుట యుచితమా?

ఈ సందర్భమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారిని స్మరింపకుండ నుండలేము. ఆయన సికింద్రాబాదు మహబూబు కళాశాలలో పనిచేసి, 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులై యుండిరి. మద్యపానమును నిరసించి శీలశుద్ధిని బోధించిరి. తమ జీతములో నధికభాగమును పేదవిద్యార్థులకే వెచ్చించిరి. ఆయన మాటకు బలమిచ్చినది దండనాధికారము కాదు, ఆయన జీవితమే. కలకత్తాలో కేశవచంద్రసేనుడును బాలురచే మద్యపానవిరోధప్రతిజ్ఞలు చేయించెను. బెదరింపబడి చేసిన సంతకమునకును, హృదయపూర్వకముగా బూనిన వ్రతమునకును గల భేదము నీ పెద్దలు గ్రహించిరి.

కావున ప్రతి కళాశాలయు నీ యైదు నియమములను బాటింపవలెనని మా యభిప్రాయము.

1. అమ్మువానికిని, తోటివారిని బలవంతపెట్టువానికిని క్షమ లేదు. వారిని శాసనమున కప్పగింపవలెను.

2. తనంత తాను వచ్చి తన బలహీనతను చెప్పుకొన్నవానిని తొలగింపరాదు. ఎఱ్ఱగడ్డ ప్రభుత్వ మానసికవైద్యశాలవంటి చోటికి పంపి, చికిత్స ముగిసినపిదప మరల చదువుకొననీయవలెను.

3. ప్రాణాపాయమున సహాయము గోరిన మిత్రునికి, ఆ కారణమున దండన ముండరాదు.

4. విద్యార్థి చెప్పుకొన్నది రహస్యముగా నుండవలెను.

5. ఈ నియమములు ఆచార్యులకును, పాలకవర్గమునకును సమానముగా వర్తింపవలెను.

క్షమ చూపినచో విద్యార్థులు బరితెగింతురని కొంద ఱందురు. మేము క్షమను ఉచితముగా నిమ్మనుటలేదు. దోషము నొప్పుకొనుట, చికిత్సకు లోబడుట, నడత మార్చుకొనుట యనునవి తేలికైన పనులు కావు. వెడలగొట్టబడి వీధిపాలగుటకంటె నవియే కష్టతరములు. పశ్చాత్తాపమునకు తావులేని దండనము మనుష్యుని మార్చజాలదని మా మతము మాకు నేర్పినది.

తుదకు మన యిండ్ల మాట. వివాహపు విందులలో మద్యమును గౌరవచిహ్నముగా నుంచి, కుమారునికి హామీపత్రముపై సంతకము చేసి యిచ్చు తండ్రి యెవరిని మోసగించుచున్నాడు? మొదటి నిబంధన మన గడపలోనే వ్రాయబడవలెను. తప్పిపోయిన బిడ్డలను మరల దారికి దెచ్చు ప్రేమను, దారి తప్పించువారి నెదిరించు ధైర్యమును ఆ సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.