రసాల కాలంలో నాన్న మాట

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మావారు పోయి ఏడాదైంది. మా అమ్మాయి దగ్గర ఆయన మాట ఎత్తాలంటే భయం. ఏం చేయాలి?

జవాబు: ఎత్తండమ్మా. ఒకరి కోసం ఒకరు దుఃఖం దాచుకుంటే ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు. మనిషి కాసేపు బాధలోకి, కాసేపు రోజువారీ పనుల్లోకి వెళ్లివస్తూ కోలుకుంటాడని స్ట్రోబ్, షూట్ అనే పరిశోధకులు 1999లో వివరించారు. ఏడుపూ కావాలి, మామిడితోట బేరమూ కావాలి. మాట ఎత్తితే గాయం రేగదా అంటారు. రేగవచ్చు. కానీ చిన్నరసాల గంప ఇంటికొస్తే ముచ్చిక దగ్గర సొన వాసనకే ఆయన గుర్తొస్తారు. మీ మౌనం ఆ జ్ఞాపకాన్ని ఆపలేదు. పండు పిసుకుతూ ఆయన ఎలా తినేవారో మీరే మొదలుపెట్టండి. అమ్మాయి లేచి వెళ్లిపోతే బలవంతపెట్టొద్దు, ఇంకోరోజు వింటుంది. ఇప్పటికీ ఆమెకు నిద్ర, తిండి, చదువు కుదుటపడకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.