పుత్రవధ – లోకవాక్కు : అజీగర్తుడు మొదలు చిరుతొండనంబి వరకు

ధర్మశాస్త్రకారులు మహాపాతకములను లెక్కించునప్పుడు బ్రహ్మహత్యను మొదట చెప్పిరి. సురాపానము, స్తేయము, గురుతల్పగమనము, ఈ పాపములు చేసినవారితోడి సంసర్గము తరువాత వచ్చినవి. భ్రూణహత్యయు మిక్కిలి ఘోరమనిరి. అయితే కన్నబిడ్డను చేతులార చంపిన తల్లిదండ్రులకు ఈ పట్టికలో వేరొక స్థానము లేదు. పుత్రుడు తండ్రి ఆత్మయే యను భావన బలముగా నున్న సమాజములో అట్టి నేరమునకు పేరు పెట్టుటకే స్మృతికర్తలు వెనుకాడిరేమో! శాస్త్రము పెట్టని పేరును లోకము పెట్టినది. ‘కసాయి తండ్రి’, ‘కన్నపేగును తెంచుకొన్నది’, ‘చేతులెట్లు వచ్చినవో’ వంటి నుడులు నేటికిని ప్రతి పల్లెలో వినవచ్చును. పుత్రవధను గూర్చి లోకము పలికిన ఈ తీర్పు మన వాఙ్మయములో ఎవరి నోట వెలువడినది, ఎచ్చట అణగిపోయినది అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. నెల్లూరు సీమకు ఈ విషయముతో గల సంబంధము హరవిలాసము మూలమున ఏర్పడినది.

ప్రాచీనతమమైన తీర్పు ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపోపాఖ్యానములో కలదు. హరిశ్చంద్రుడు పుత్రుని కోరి, పుట్టిన బిడ్డను వరుణునకే అర్పింతునని మాట యిచ్చెను. రోహితుడు పెరిగి, తండ్రి అభిప్రాయమెరిగి, విల్లు చేతబట్టి అడవికి పోయెను. అచ్చట ఆకలితో తిరుగుచున్న అజీగర్తుడు అతనికి కనబడెను. అజీగర్తునకు ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి విడువలేదు, చిన్నవానిని తల్లి విడువలేదు. నడిమివాడైన శునశ్శేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయెను. యూపమునకు కట్టువాడు దొరకకపోగా మరి నూరు గోవులు పుచ్చుకొని తండ్రియే కట్టెను. వధించువాడు దొరకకపోగా ఇంకొక నూరు పుచ్చుకొని తండ్రియే కత్తి నూరుచు వచ్చెను. ధర వివరమును ఇంత నిర్దాక్షిణ్యముగా చెప్పుటయే ఆ కథకుని తీర్పు అనవచ్చును.

దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన శునశ్శేపుడు విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. అజీగర్తుడు కొడుకును తిరిగి యిమ్మనెను. అప్పుడా బాలుడు, శూద్రులలో సైతము కనరాని పనిని కత్తి చేతబట్టి నీవు చేసితివి, మూడు నూర్ల గోవులను నాకంటె మిన్నగా నెంచితివి అను అర్థము వచ్చునట్లు తండ్రిని నిరాకరించెను. తండ్రి పశ్చాత్తాపము ప్రకటించి గోవులను కొడుకునకే యిచ్చెదననెను. ఒకమారు పాపము చేసినవాడు మరల చేయును, ఇది సంధికి లొంగనిది అని కొడుకు సమాధానము. పుత్రవధకు గురికావలసిన బిడ్డయే నోరు తెరచి తండ్రిపై తీర్పు చెప్పుట, ఆ తీర్పును సభ అంగీకరించుట మన వాఙ్మయములో మిక్కిలి అరుదు. (విశ్వామిత్రుడు శునశ్శేపుని జ్యేష్ఠపుత్రునిగా స్వీకరింపగా ఒప్పుకొనని పెద్దకొడుకులు ఏబదిమంది శాపగ్రస్తులైరి. ఆ సందర్భముననే ఆంధ్రశబ్దము జాతివాచకముగా వాఙ్మయములో తొలిసారి కనబడుచున్నది. మన జాతి నామముయొక్క తొలి ప్రస్తావన ఒక కన్నతండ్రి కత్తి నీడలో జరిగినదన్నమాట.)

ఇదే అజీగర్తుని మనుస్మృతి పదవ అధ్యాయము ఆపద్ధర్మ ప్రకరణములో ఉదాహరించి, ఆకలిని తీర్చుకొనుటకు కొడుకును చంపబూనినను అతడు పాపలిప్తుడు కాలేదని చెప్పినది. కొడుకు క్షమింపని తండ్రిని శాస్త్రము క్షమించినది. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువని విద్యార్థికి ధర్మశాస్త్రముల అంతరంగము సగమే తెలియును. మనువాక్యమున దయ లేకపోలేదు. బిడ్డలతో కలసి బావిలో దూకిన పేద తల్లిని గూర్చి పల్లెప్రజలు ‘కసాయి’ యనక ‘ఎంత కష్టము వచ్చినదో’ అనుట ఆ దయయొక్క లౌకిక రూపమే. అయితే ఆ దయలో చనిపోయిన బిడ్డ మాట వినబడదు.

భారతము ఆదిపర్వములో తీర్పు చెప్పవలసినవాడు భర్త. గంగ ఏడుగురు బిడ్డలను నీట విడచుచుండగా శంతనుడు తాను చేసిన ఒప్పందమునకు కట్టుబడి మిన్నకుండెను. ఎనిమిదవ బిడ్డనాడు సంస్కృత మూలములో అతడు వాడిన సంబోధన ‘పుత్రఘ్ని’. తరువాత వసువుల శాపవృత్తాంతము తెలియగా ఆ మాట పదును పోయినది. ఏడుమారులు మౌనముగా చూచినవాని బాధ్యతను గూర్చి మాత్రము ఎవరును ప్రశ్నింపలేదు.

ఇక ప్రధాన విషయము. పన్నెండవ శతాబ్దిలో సేక్కిఴార్ పెరియపురాణములో చెప్పిన శిరుత్తొండర్ చరిత్రలో కథానాయకుడు పల్లవుల సేనాని. వాతాపిని కొట్టిన వీరుడు. పదమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుని బసవపురాణమునకు వచ్చుసరికి అతడు కంచిలోని వర్తకుడైన సిరియాళుడు, భార్య సంగళవ్వ. శ్రీనాథుని హరవిలాసములో చిరుతొండనంబి, తిరువెంగనాచి, కుమారుడు సిరియాలుడు, దాసి చందననంగ. సేనాని వర్తకుడగుట తెలుగు కన్నడ దేశముల వీరశైవ సంప్రదాయములో జరిగిన మార్పు. ఈ మార్పు శ్రీనాథునకు మిక్కిలి అనుకూలించినది. హరవిలాస కృతిపతి అవచి తిప్పయసెట్టి. అతని వంశమువారు సింహళపు ఏనుగులను, హురుమంజి గుర్రములను, చీనాంబరములను, కర్పూరాది సుగంధద్రవ్యములను ఓడలపై తెప్పించి కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సమకూర్చినవారు. అవతారికలోని సింహవిక్రమపట్టణము నెల్లూరని సాహిత్య చరిత్రకారులు గుర్తించిరి. తెలుగు చోడుల కాలము నుండి కంచికిని నెల్లూరికిని రాకపోకలు, రాజ్యసంబంధములు ఉండనే ఉన్నవి. కావున సముద్రవాణిజ్యము చేయు ఒక సెట్టి, సెట్టియైన భక్తుని కథను వినెను. కొలతలు, మారకములు, ఇచ్చిపుచ్చుకొనుటలు తెలిసిన శ్రోతకు ఈ కథలోని ‘ఇచ్చుట’ ఎట్లు వినబడియుండును? అజీగర్తుడును ఇచ్చెను, నంబియు ఇచ్చెను. మొదటివాడు వెల పుచ్చుకొనెను. రెండవవాడు వెల అడుగలేదు. అజీగర్తుని లోకము నిందించుటకును నంబిని కీర్తించుటకును ఈ భేదమే కారణమని సాధారణముగా చెప్పుదురు.

ఈ సమాధానము చాలదు. కథాగమనమును జాగ్రత్తగా గమనింపవలెను. అతిథి నరమాంసమును కోరెను, తల్లిదండ్రులు బిడ్డను వధించి వండిరి, వడ్డనయు జరిగెను. అంతవరకు కథ శ్రోతను భయమున ముంచును. అప్పుడు అతిథి మెలిక పెట్టెను: బిడ్డలు లేని ఇంట భుజింపను, నీ కుమారుని పిలువుము. లేని బిడ్డను తల్లి పిలుచును. శ్రీనాథుని రచనలో ఈ పిలుపు కరుణరసమునకు పరాకాష్ఠ. వీథిలోనుండి బాలుడు పరుగెత్తుకొని వచ్చును. ఆ రాకతో లోకవాక్కు ఆగిపోవును. ఇరుగుపొరుగు ఏమనిరి, కంచి పెద్దలు ఏమి తీర్పు చెప్పిరి అను ప్రశ్నకు తావు లేదు. ఏలయన ఆ నగరవాసులు సైతము నంబి పుణ్యమున కైలాసమునకు చేరుకొనిరి. తీర్పు చెప్పవలసిన లోకమంతయు ఫలములో వాటాదారు అయినది! ఇట్టి కథానిర్మాణము ఆకస్మికము కాదు. బిడ్డ తిరిగిరాకున్నచో నంబిని లోకము ఏమనునో కవికి తెలియును. కనుకనే లోకమునకు మాటాడు అవకాశము ఈయలేదు.

వీరశైవ సంప్రదాయము ఈ ప్రశ్నను పూర్తిగా అణచివేసినదనుట మాత్రము పొరపాటు. సోమనాథుడు సిరియాళుని కథతో ఆగలేదు. నివేదనకు ముందే వంటకమును ముట్టిన కొడుకును చంపిన నిమ్మవ్వ కథను చెప్పి సిరియాళుని త్యాగగర్వమును తగ్గించెను. ఇది ఒక విధమున ప్రశ్నను మరింత భయంకరముగా చేయుటయే. అటుపైన సిరియాళుని గాథ విని మెచ్చక, నరమాంసము నడిగిన దైవమునే తప్పుపట్టిన హలాయుధుని కథను గూడ చేర్చెను. హలాయుధుడు నాస్తికుడు కాడు, పరమతస్థుడు కాడు, భక్తగణములోనివాడు. అనగా పుత్రవధను ఆక్షేపించు గొంతు ఆధునిక హేతువాదులతో పుట్టినది కాదు. కథ పుట్టిన చోటనే, ఆ పురాణములోనే, ఆ భక్తుల నడుమనే కలదు. శ్రీనాథుడు నంబి కథను స్వీకరించి హలాయుధుని స్వీకరింపలేదు. కావ్యదృష్టితో అది సమంజసమే కావచ్చును. కాని నేడు హరవిలాసము పాఠ్యాంశముగా నుండి బసవపురాణములోని ఆ భాగము లేని తరగతిలో సంప్రదాయము సగమే బోధింపబడుచున్నది.

గ్రీకు నాటకములోని ఒక దృశ్యమును ఇచ్చట పోల్చుట ఉచితము. క్రీ.పూ. 431లో ప్రదర్శింపబడిన యురిపిడీసు మీడియా నాటకములో తల్లి బిడ్డలను లోపల చంపుచుండగా వారి కేకలు కొరింతు స్త్రీల బృందమునకు వినబడును. లోనికి పోవలెనా యని వారు తర్కింతురు, పోరు. మన శంతనుని మౌనమునకు అది సామూహిక రూపము.

2021 జనవరి 24న నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఉన్నత విద్యావంతులైన దంపతులు తమ యిద్దరు యౌవనవతులైన కుమార్తెలను ఇంటిలోనే చంపిరన్న నేరముపై నిర్బంధింపబడిరి. కలియుగము ముగిసి సత్యయుగము ప్రారంభమగుననియు, కుమార్తెలు తిరిగి బ్రదికి వత్తురనియు వారు చెప్పినట్లు పోలీసులు వెల్లడించిరి. అనంతరము వారిని మానసిక చికిత్సాలయమునకు పంపిరి. నాటి లోకవాక్కు మూడు త్రోవల నడచినది. ‘ఇంత చదివినవారు ఇట్లు చేయుదురా’ యని ఆశ్చర్యపడినవారు ఎక్కువ. పిచ్చి యని నిశ్చయించినవారు కొందరు. మూఢవిశ్వాసమును నిందించినవారు కొందరు. మొదటి మాటలో విద్యపై గల భ్రమ తప్ప వేరొకటి లేదు. రెండవ మాట నిజమైనను కావచ్చును. భారత శిక్షాస్మృతి 84వ విభాగము, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 22వ విభాగము మతిస్థిమితము లేనివాని చేతను వేరుగా విచారించుచున్నవి. ఆ నిర్ణయము వైద్యులది, న్యాయస్థానములది. పొరుగువారు ఆ మాటను వాడునది నిర్ణయమునకు కాదు, దూరమునకు: ‘వారు మనవంటివారు కారు’ అని చెప్పుకొనుటకు. ఆ దంపతులు ఎదురుచూచినట్లు చెప్పబడిన ‘తిరిగివచ్చుట’ అను ఊహ మాత్రము ఎక్కడినుండియో ఊడిపడినది కాదు. కథలలో తిరిగివచ్చిన బిడ్డలను మనమందరము చిన్ననాటనే వింటిమి. హరవిలాసము చదివినందున ఎవరును హంతకులు కారు. అట్టి ఆరోపణ చేయుట కావ్యమునకును, ఆ దుఃఖితులకును అన్యాయము. అయినను చిరుతొండని ఇంట జరిగినది ఏ ఇంటను జరుగదని చెప్పవలసిన బాధ్యత ఆ కావ్యమును బోధించువానిపై ఉన్నది.

2022 జూన్ మాసములో నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతమున ఒక తండ్రి ఇంటిలో పూజల పేరిట తన చిన్నారి కుమార్తె నోటిలో కుంకుమ కుక్కినట్లు వార్తలు వెలువడినవి. అరుపులు విన్న ఇరుగుపొరుగువారు లోనికి పోయి బిడ్డను విడిపించి ఆసుపత్రికి చేర్చిరి. చెన్నైలో చికిత్స పొందుచు ఆ బిడ్డ మరణించినది. కొరింతు స్త్రీలు చేయనిది, శంతనుడు ఏడుమారులు చేయనిది ఆ పల్లెవారు చేసిరి. వారి నోట ఏ శాస్త్రవాక్యమును వెలువడినట్లు లేదు, తలుపు త్రోసిరి. పుత్రవధపై లోకవాక్కును వెదకు పరిశోధకునకు ఆ తలుపు చప్పుడు గూడ ఒక పాఠమే.

ప్రాచ్యకళాశాలల తరగతులలో చిరుతొండనంబి కథ చెప్పునపుడు విద్యార్థులలో ఒకరైనను ‘నంబి చేసినది హత్య కాదా’ యని అడుగుట అధ్యాపకులెల్లరు ఎరిగినదే. ‘అది భక్తి పరాకాష్ఠ’ యని ప్రశ్నను ముగించుట వాడుక. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి హలాయుధుని వంశమువాడు. అతనికి ఐతరేయములోని శునశ్శేపుని మాటను, మనువు వాక్యమును, బసవపురాణములోని ఆక్షేపమును వరుసగా చూపి, పిమ్మట తిరువెంగనాచి పిలుపును చదివించినచో ఆ పద్యములలోని కరుణము మరింత లోతుగా తెలియును. తిరిగివచ్చునని ఆ తల్లికి తెలియదు. తెలియకయే పిలిచినది. శ్రీనాథుడు ఆ పిలుపుపై అంతసేపు నిలుచుటకు కారణము అదియే కావచ్చును.