ఉరికొయ్యనుగూర్చిన పాఠము



సండేస్కూలు పిల్లలకు ఎస్తేరు గ్రంథము చెప్పునప్పుడు తరచుగా వచ్చు ప్రశ్న యొకటున్నది. హామాను చేయించిన ఉరికొయ్యకు 50 మూరల యెత్తెందుకు? మనుష్యుని ఉరితీయుటకు 10 మూరలు చాలవా? మంచి ప్రశ్నే. దానికి జవాబు వెదకుచు పోయినయెడల ఉరిశిక్షయొక్క చరిత్ర కొంత మనకు బోధపడును. ఈ మాసపు పాఠమును ఆ దారినే నడుపుచున్నాము.

మనము ఉరికొయ్య అని చదువుచోట హెబ్రీ మూలములోనున్న మాటకు చెట్టు, మ్రాను, కొయ్య అనియే అర్థము. త్రాటి మాట అక్కడ లేదు. పారసీక రాజులు తిరుగుబాటుదారులను కొయ్యలకు గ్రుచ్చి నిలువబెట్టువారని బేహిస్తూను కొండమీద దర్యావేషు రాజు చెక్కించిన శాసనములోనే యున్నది. అదే రాజు తన ఆజ్ఞను మార్చువాని యింటి దూలమును ఊడదీసి దానిమీదనే వానిని వ్రేలాడదీయుడని చెప్పినట్టు ఎజ్రా 6వ అధ్యాయములో చదువుచున్నాము. గనుక హామాను మరణము నేటి ఉరివంటిది కాదని పండితులనేకులు తలంచుచున్నారు. అతని పదిమంది కుమారుల సంగతి చూడుడి. ఎస్తేరు 9వ అధ్యాయములో వారు ముందు చంపబడిరి, తరువాతనే వ్రేలాడదీయబడిరి. చచ్చినవారిని మరల వ్రేలాడదీయుట చంపుటకు కాదు, చూపుటకు. 50 మూరల యెత్తు పట్టణమంతటికి కనబడుటకే.

పాత నిబంధనలో ఇట్టివి మరికొన్ని గలవు. ఫరో భక్ష్యకారుని తల తీసిన తరువాతనే మ్రానున వ్రేలాడదీసిరి. యెహోషువ అయిదుగురు రాజులను చంపి, పిమ్మట అయిదు చెట్లమీద వ్రేలాడదీసెను. అయితే యెహోషువ చేసిన మరియొక పనిని మనము గమనింపకుండ దాటిపోవుదుము. సూర్యుడు అస్తమించు వేళకు ఆ దేహములను దింపించి గుహలో వేయించెను. ఇది ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములోని ఆజ్ఞ. మరణమునకు తగిన పాపము చేసి చంపబడి మ్రానున వ్రేలాడదీయబడినవాని శవము రాత్రియంతయు అక్కడ ఉండరాదు. ఆ దినముననే పాతిపెట్టవలెను. అట్లు వ్రేలాడినవాడు దేవునిచేత శపింపబడినవాడైనను, వానిని పక్షులకు విడిచిపెట్టుట దేశమును అపవిత్రపరచును. ఇతర రాజులు శవమును ఎంతకాలము వీలైతే అంతకాలము చూపగోరిరి. ఇశ్రాయేలు ధర్మశాస్త్రము దానికి సాయంకాలమను హద్దు పెట్టెను.

ఆ హద్దు మీరినప్పుడు ఏమి జరిగెనో 2 సమూయేలు 21వ అధ్యాయము చెప్పుచున్నది. సౌలు సంతానములో ఏడుగురిని గిబియోనీయులు కొండమీద వ్రేలాడదీసిరి. ఇద్దరు రిస్పా కన్నబిడ్డలు, అయిదుగురు సౌలు కుమార్తె బిడ్డలు. వారు తమ స్వంత నేరమునకు కాక తాత, తండ్రి చేసినదానికి చచ్చిరి. యవలకోత మొదలైన దినములవి. రిస్పా గోనెపట్ట తీసికొని బండమీద పరచుకొని, వాన పడువరకు అక్కడనే యుండి, పగలు పక్షులను రాత్రి అడవిమృగములను తోలుచుండెను. కోతకాలము మొదలుకొని వానవరకు ఎన్ని దినములో మన సేద్యగాండ్రకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె రాజును ఒక్క మాట అడిగినట్టు వ్రాయబడలేదు. ఆమె చేసినది దావీదు చెవిని పడెను. అతడు ఆ యెముకలను, సౌలు యోనాతానుల యెముకలతో కూడ, సమాధి చేయించెను. ఆ తరువాతనే దేవుడు దేశముకొరకైన విన్నపమును ఆలకించెనని గ్రంథకర్త ముగించుచున్నాడు. ఉరిశిక్షనుగూర్చి పరిశుద్ధ గ్రంథములోనున్న మాటలన్నిటిలో ఈ తల్లి మౌనమే బరువైనదని మా అభిప్రాయము.

రోమీయుల సిలువనుగూర్చి ఇక్కడ విస్తరింపము. మ్రానున వ్రేలాడినవానిమీది శాపపు మాటను పౌలు గలతీయులకు వ్రాయుచు క్రీస్తుకు అన్వయించెననియు, సాయంకాలమునకు ముందే దేహములను దింపవలెనని యూదులు పిలాతును అడుగుటలో ఆ పాత ఆజ్ఞయే కనబడుచున్నదనియు జ్ఞాపకముంచుకొనుడి.

మెడకు త్రాడు బిగించి చంపు ఆచారము యూరపు ఉత్తరదేశములలో బహు పాతది. జర్మను జాతులు ద్రోహులను చెట్లకు వ్రేలాడదీయుదురని రోమా చరిత్రకారుడు టాసిటసు మొదటి శతాబ్దాంతమున వ్రాసెను. ఇంగ్లండులో లండను పట్టణమునకు వెలుపల టైబర్ను అనుచోట 1196 మొదలుకొని 1783 వరకు ఉరితీయుచుండిరి. 1571లో అక్కడ మూడు కాళ్లమీద మూడు దూలములుగల పెద్ద ఉరికొయ్యను నిలిపిరి. 1649లో ఒక్కసారే 24 మందిని దానికి వ్రేలాడదీసిరి. దోషిని బండిమీద నిలిపి, మెడకు త్రాడు తగిలించి, బండిని ముందుకు తోలుదురు. ప్రాణము త్వరగా పోదు. బాధ తొందరగా తీరవలెనని స్నేహితులే కాళ్లు పట్టి లాగువారు. దొంగలు మాత్రమే అక్కడ చావలేదు. ఎలిసబెతు రాణి కాలమున రోమను కతోలికు పాదిరులును, రాణి సంఘమును ఒప్పుకొనని ప్రొటెస్టంటులైన బారో, గ్రీన్‌వుడ్ అనువారును (1593) అదే చోట ఉరితీయబడిరి. ఎవరి చేతికి అధికారము వచ్చిన వారు త్రాడు పట్టిరని చెప్పక తప్పదు.

ఇప్పుడు ఒక వింత. పాదిరులను రాజు న్యాయస్థానములు శిక్షింపరాదు, బిషపు న్యాయస్థానమే విచారింపవలెనను హక్కు 12వ శతాబ్దమునుండి అక్కడ ఉండెను. ఒకడు పాదిరియా కాడా అని తెలియుటెట్లు? ఆ కాలమున చదువు చాలమట్టుకు పాదిరులదే గనుక, చదువగలవాడు పాదిరి అనిరి. నేరస్థుని చేతికి కీర్తనల గ్రంథమిచ్చి, వాడుకగా 51వ కీర్తన మొదటి వచనమును చదువుమనువారు. చదివెనా, ఉరి తప్పెను. జనులు దానికి ‘మెడ వచనము’ అని పేరుపెట్టిరి. 1489లో ఒక చట్టము చేసి, పాదిరి కానివాడు ఒక్కసారి మాత్రమే ఈ హక్కు పొందవలెననియు, గురుతుకు వాని బొటనవ్రేలిమీద కాల్చి అక్షరము వేయవలెననియు విధించిరి. బెన్ జాన్సన్ అను నాటకకర్త 1598లో ఒకనిని చంపి, ఈ విధముగానే బ్రదికెను. చదువురానివారు కొందరు ఆ వచనమును కంఠస్థము చేసికొని వచ్చువారు. జడ్జి పుట త్రిప్పి వేరొకటి చదువుమన్నచో వాని పని అంతే. 1706లో చదువు పరీక్షను తీసివేసిరి. 1827లో ఆ హక్కే రద్దయ్యెను.

51వ కీర్తన ఎవరిదో మనకు తెలియును. ఊరియాను చంపించినవాని ప్రార్థన అది. హత్య చేసియు చావునకు అప్పగింపబడని మనుష్యుడు కనికరము వేడుకొనిన మాటలను శతాబ్దములపాటు అక్షరజ్ఞానమునకు పరీక్షగా వాడిరి. పశ్చాత్తాపపడినవాడు అక్షరములు రాక చచ్చెను, పశ్చాత్తాపము లేనివాడు అక్షరములు వచ్చి బ్రదికెను. వ్రేలిముద్ర వేయు పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఆ దేశములో ఆ కాలమున పుట్టియుండిన, వారి భక్తి వారి మెడను కాపాడియుండదు.

19వ శతాబ్దము వచ్చునాటికి ఇంగ్లండులో 200కు మించిన నేరములకు ఉరి విధింపవచ్చును. ఇంటినుండి 40 షిల్లింగుల సొత్తు దొంగిలించిన ఉరియే. జూరీవారు జాలిపడి, ఎక్కువ విలువగల సొత్తును సహితము 39 షిల్లింగులదేయని ప్రమాణపూర్వకముగా తీర్పు చెప్పువారు. అంగడిలో 5 షిల్లింగుల సరకు దొంగిలించినవానికి ఉరి వద్దని రామిల్లీ అను సభ్యుడు తెచ్చిన బిల్లు 1810లో ప్రభువుల సభలో ఓడిపోయెను. ఎదిరించినవారిలో కాంటర్బరీ ఆర్చిబిషపుతో కూడ ఏడుగురు బిషపులుండిరి. మూడేండ్లకు ఎలిసబెతు ఫ్రై అను క్వేకరు స్త్రీ న్యూగేటు చెరసాలకు వెళ్లి, అక్కడి స్త్రీల మధ్య పని మొదలుపెట్టెను. బిషపుల పేళ్లు నేడెవరికి జ్ఞాపకమున్నవి?

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1868లో బహిరంగముగా ఉరితీయుట ఇంగ్లండులో నిలిచిపోయెను. మెడ ఎముక వెంటనే విరుగుటకు దేహపు బరువునుబట్టి ఎన్ని అడుగులు పడవలెనో డబ్లినులో హాటన్ అను వైద్యుడు 1866లో లెక్క కట్టెను. ఆయన పాదిరి కూడ. ఆ దీర్ఘ పాతమును 1872లో వాడుకలోనికి తెచ్చిన తలారి మార్వుడ్ చెప్పులు కుట్టి జీవించినవాడు. బ్రిటనులో చివరి ఉరి 1964 ఆగస్టు 13న జరిగెను. మరుసటి సంవత్సరము హత్యకు ఉరిని నిలిపిరి, 1969లో శాశ్వతముగా తీసివేసిరి.

వారు తీసివేసిరి గాని, వారిచ్చిన చట్టము మనయొద్ద నిలిచెను. 1775లో కలకత్తాలో మహారాజా నందకుమారుని ఫోర్జరీ నేరమునకు ఉరితీసిరి. ఆ నేరమునకు మరణము ఇంగ్లండు చట్టమే గాని బెంగాలు ఆచారము కాదు. ప్రాణము పోవువరకు మెడకు ఉరివేయవలెనని 1898నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులోనున్న విధి 1973నాటి కోడులోను, 2023లో చేసిన కొత్త చట్టములోను నిలిచియున్నది. 1983లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సమర్థించెను. మారినది వేరొకటి. హత్యకు ఉరి వేయనిచో ఎందుకు వేయలేదో జడ్జి వ్రాయవలెనని మొదట ఉండెను. 1955లో దానిని తీసివేసిరి. 1973 కోడులో, ఉరి వేసినచో ప్రత్యేక కారణములు వ్రాయవలెనని తలక్రిందులు చేసిరి. 1980లో, అరుదైనవాటిలోకెల్ల అరుదైన కేసులకే ఉరి అని సుప్రీంకోర్టు కట్టడి చేసెను. అంతకుముందే 1974లో, ఆంధ్రదేశపు పల్లెలో ఒక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపిన యౌవనస్త్రీకి, ఆమె వయస్సును, ఆమెకును బిడ్డయుండుటను, మరణభయముతో గడిపిన కాలమును చూచి, ఆ న్యాయస్థానము యావజ్జీవమునకు తగ్గించియుండెను.

1993లో చిలకలూరిపేట బస్సు దహనములో 23 మంది కాలిపోయిరి. దోపిడికి వచ్చి ఆ పని చేసిన ఇద్దరు దళిత యువకులకు ఉరి విధించిరి. 1997లో త్రాడు సిద్ధమగు వేళ అది ఆగెను. వంగ రచయిత్రి మహాశ్వేతాదేవి మొదలైనవారు రాష్ట్రపతికి విన్నవించుకొనిరి. 1998లో శిక్ష యావజ్జీవముగా మారెను. కాలిపోయినవారి యిండ్లలో దీనికి ఎవరైన ఏడ్చియుండిన, వారిని తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. ఆదికాండము 9వ అధ్యాయమును, రోమా 13ను చూపి ఉరి న్యాయమను సహోదరులును, యోహాను 8ను చూపి వద్దను సహోదరులును మనలోనున్నారు. మేము రెండవవారితో నున్నాము గాని, మొదటివారిని వాక్యమెరుగనివారని అనము.

ఈ మాసపు గృహకూటములలో 2 సమూయేలు 21:1–14 చదువుడి. స్త్రీలచేత చదివించుట మేలు. ఏడుగురి తల్లులు, గిబియోనీయుల విధవలు ఒక్క గుడిలో కూర్చుండిన, కాపరి ఆ ఆదివారము ఎవరికొరకు ముందు ప్రార్థింపవలెను? వచ్చిన జవాబులను సంఘ కార్యదర్శి ద్వారా మాకు వ్రాసి పంపుడి.