వెన్న ఒక్కో కాలంలో ఒక్కోలా ఎందుకు?

ప్రశ్న: మాకు ఏళ్లుగా ఒకే ఇంటి నుంచి గేదె పాలు వస్తున్నాయి. శ్రావణంలో తీసిన వెన్న ఫ్రిజ్‌లో పెట్టినా చెంచా దిగుతుంది. మాఘంలో తీసింది అదే ఫ్రిజ్‌లో రాయిలా ఉంటోంది. పాలలో డాల్డా లాంటిదేమైనా కలుపుతున్నారంటారా?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: పాలుపోసే ఆవిడను అనుమానించే ముందు గేదెకు ఏం పెడుతోందో అడగండి. వెన్నలో రకరకాల కొవ్వు ఆమ్లాలుంటాయి. ఓలిక్ ఆమ్లం 13, 14 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. స్టియరిక్ కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. వానలు పడి పచ్చిగడ్డి దొరికితే ఓలిక్ వాటా పెరిగి వెన్న మెత్తబడుతుంది, ఎండుగడ్డికి వచ్చాక గట్టిపడుతుంది. గేదె కొత్తగా ఈనినప్పుడు ఒంటి కొవ్వు కరిగి పాలలోకి వస్తుంది కనుక అప్పుడూ ఓలిక్ ఎక్కువే. మన గేదెలు చాలావరకు ఈనేది వానాకాలం, చలికాలం మొదట్లోనే కదా! ఐర్లండ్‌లోనూ వేసవిలో పచ్చిక మేసిన ఆవుల వెన్న మెత్తగా, శీతాకాలం కొట్టంలో కట్టేసిన ఆవులది గట్టిగా ఉంటుంది.

మీ వైపు పత్తి గింజలు కూడా పెడతారు. వాటిలోని మాల్వాలిక్, స్టెర్క్యులిక్ ఆమ్లాలు పొదుగులో స్టియరిక్‌ను ఓలిక్‌గా మార్చే ఎంజైముకు అడ్డుపడతాయి. స్టియరిక్ అలాగే మిగిలి వెన్న బిగుస్తుంది. తమాషా ఏమిటంటే, పత్తి నూనె కల్తీని పట్టే హాల్ఫెన్ పరీక్షలో ఇలాంటి వెన్న కాచిన స్వచ్ఛమైన నెయ్యి కూడా ఎర్రబడి దోషిగా కనిపించవచ్చు. పత్తి గింజల మేతతో నెయ్యి గుణం ఇలా మారుతుంది కనుకే అగ్‌మార్క్ పత్తి ప్రాంతాల నెయ్యికి వేరే హద్దులు పెట్టింది. నెయ్యిలోని ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలను కొలిచే రైకర్ట్-మైసెల్ విలువ మామూలుగా 28కి తగ్గకూడదు. పత్తి ప్రాంతాల్లో చలికాలపు నెయ్యికి 23, ఎండాకాలపు నెయ్యికి 21 ఉన్నా చాలు. గట్టిదనం చూసి కల్తీ తేల్చలేం. అంతగా అనుమానముంటే ల్యాబ్‌లో కొవ్వు ఆమ్లాల పాళ్లు చూపించండి.

ప్రశ్న: కొన్న నెయ్యి పూసకట్టలేదు. నకిలీదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పూసను బట్టి అసలు, నకిలీ చెప్పడం నాకు నచ్చని అలవాటు. కరిగిన నెయ్యి 28, 30 డిగ్రీల దగ్గర నింపాదిగా చల్లారితే పెద్ద పూస వస్తుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నున్నగా పేరుకుంటుంది. మళ్లీ కరిగించి, కదపకుండా రాత్రంతా వంటింట్లో ఉంచి చూడండి.

ప్రశ్న: చలికాలంలో ఎంత చిలికినా వెన్న పడదేం?
- ఒక గృహిణి, ఆదిలాబాద్

జవాబు: కొవ్వు మరీ బిగుసుకుంటే రేణువులు ఒకదానికొకటి అంటుకోవు. కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి చిలకండి. ఎండాకాలంలో మాత్రం చన్నీళ్లే పోయాలి, అదీ తెల్లవారుజామునే.